తెరలు వేసిన దుకాణం

అమెరికాలోని మోరిస్‌విల్‌లో మా పక్క అపార్ట్‌మెంట్‌లో కూతురి దగ్గర ఉంటున్న పెద్దాయన పోయిన శుక్రవారం నిద్రలోనే కన్నుమూశారు. ఆ మాట ఆయన కూతురే ఫోన్ చేసి చెప్పింది. మేమందరం ఆయన్ని బాబాయిగారు అనేవాళ్ళం.

బాబాయిగారు కమ్యూనిస్టు. కుర్రతనంలోనే పార్టీలో చేరి, రష్యన్ నేర్చుకుని, మాస్కోలో పుస్తకాలూ ప్రసంగాలూ తెలుగు చేసే ఉద్యోగంలో చాలా ఏళ్ళు ఉన్నారు. ఇక్కడ ఆయన పనల్లా సాయంత్రం చేతులు వెనక్కి కట్టుకుని పార్కింగ్ లాట్ చుట్టూ నడవడం, ఆపైన మా ఇంట్లో టీ తాగడం. పంచదార ఎక్కువ వేయించుకుని, కూతురికి చెప్పొద్దనేవారు.

ఒకరోజు మా ఆయన అడిగాడు. "సోవియట్‌ని కూలగొట్టింది అమెరికాయేగా బాబాయిగారూ?"

"అమెరికాకి అంత శ్రమ మేం ఇవ్వలేదు బాబూ" అని చెప్పుకొచ్చారు. "ఓ చలికాలం మా పై అధికారి నన్నో దుకాణానికి తీసుకెళ్ళాడు. బోర్డు లేదు. అద్దాలకి తెరలు. పార్టీ పెద్దలకే ప్రవేశం. లోపల మాంసం, నారింజపళ్ళు, ఏది కావాలంటే అది. సంచీ నింపుకుని బయటికొస్తే, పక్కవీధిలో ముసలమ్మలు మంచులో ఉల్లిపాయల కోసం క్యూ కట్టారు. వాళ్ళలో మా బిల్డింగ్ మెట్లు కడిగే ఆవిడా ఉంది. నా సంచీ చూసి తల తిప్పుకుంది. ఆ పొద్దున్నే 'ఇక్కడ అందరూ సమానం' అనే ప్రసంగం తెలుగు చేసొచ్చాను. ఛీ!"

ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖం నోట్లో పురుగు పడ్డట్టు ముడుచుకుపోయింది.

"పంట పండకపోయినా పండిందని రాయాలి. కాదన్నవాడి ఉద్యోగం పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. కిందివాడు పైవాడికి అబద్ధం చెప్తే, వాడు ఆ పైవాడికి చెప్పాడు. అంతా కూలిపోతుంటే కాపాడుకుందామని ఆ మెట్లు కడిగే ఆవిడ గుమ్మం దాటలేదు. ఎందుకు దాటుతుంది?"

నాకు రాజకీయాలు తెలియవు. కానీ ఆఫీసులో లేఆఫ్‌లు చేస్తూ 'మనమంతా ఒకే కుటుంబం' అని మెయిల్ వస్తే ఆయన ముఖమే గుర్తొచ్చేది. మోసపోకుండా ఉండడం కొంతైనా ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

మాస్కో నుంచి ఊరికి తిరిగి వెళ్ళాక ఆయన ఇదంతా పార్టీ సమావేశంలో చెప్పారట. ద్రోహి అని వెలివేశారు. భార్య పోయినప్పుడు, కుర్రతనంలో పార్టీ కోసం తనతో జైలుకెళ్ళిన స్నేహితుడు కూడా గడప తొక్కలేదు. ఇక్కడివాళ్ళు ఇంకో రకం. తలా ఓ వంటకం తెచ్చుకునే ఒక పాట్‌లక్‌లో ఎవరో వచ్చి, "పేదోళ్ళకి ఊరికే పెడితే ఇంతే కదండీ, మీరే చెప్పండి!" అని ఆయన భుజం తట్టాడు. బాబాయిగారు ప్లేటు కింద పెట్టేశారు.

"కూలివాడి కడుపు నిండాలని ఇప్పటికీ అంటాను. వాడి పేరు చెప్పి మేం తిన్నాం చూడండి, నా అసహ్యం దాని మీద."

నేనే కార్‌లో ఇంటికి దింపాను.

ఆదివారం ఆయన్ని ఉంచిన ఫ్యూనరల్ హోమ్‌లో మేముండగా ఆ పాత స్నేహితుడే విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. కూతురు స్పీకర్ ఆన్ చేసింది.

"అమ్మాయీ, ఎక్కడైనా ఎర్రగుడ్డ దొరికితే నాన్న మీద కప్పి ఓ ఫోటో పంపు. పేపర్లో వేయిస్తాం."

"ఆయన బతికుండగా ఒక్కసారైనా ఫోన్ చేశారా అంకుల్?"

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా..."

"చివరిదాకా మీతోనే ఉన్నారని రాస్తారా?"

"అలా రాస్తేనే బాగుంటుంది."

పోయిన మనిషి మీద కూడా అదే అబద్ధం.

"వద్దంకుల్" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

ఆ గది చల్లగా ఉంది. ఆమె తన ఒంటి మీది ఊలు శాలువా తీసి ఆయన మెడదాకా కప్పింది. నిద్రపోతున్నవాళ్ళకి దోపినట్టు, అంచులు రెండు పక్కలా దోపింది.