మోతి దౌడ

నా బల్ల సొరుగులో తుప్పు పట్టిన ఎద్దు నాడా ఒకటి ఉంది. సొరుగు లాగినప్పుడల్లా ఆ ఇనుప వాసనతో పాటు వీపనగండ్ల దగ్గరి మా ఊరు, ఏరువాక పున్నమి ముందరి రోజులు, ఎద్దును తాళ్లతో పడేసి గిట్టలు చెక్కి మేకులు దిగ్గొట్టే చప్పుడు, చెక్కిన గిట్ట ముక్కల కోసం కాచుకొని కూర్చునే మా కుక్క మోతి, అన్నీ వస్తాయి. పారేయమంటారు ఇంట్లోవాళ్లు. పారేయను.

ఆ ఏడు పండుగనాడు ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, వాటికి పెట్టగా మిగిలిన భక్ష్యం తుంచి మోతికి వేశాను. వాసన చూసింది, చొంగ కార్చింది, నోరు మాత్రం తెరవలేదు. చెవులు రెండూ నడినెత్తి మీదికి దగ్గరికొచ్చి, నుదురు ముడతలు పడి, పెదవులు నవ్వుతున్నట్టు వెనక్కి లాక్కుపోయి, కాళ్లు కర్రల్లా బిగిసి నిలబడింది. చొంగ చూసి వాడకట్టంతా పిచ్చి లేచిందని తేల్చేసింది. అందరికంటే ముందు కొట్టి చంపడానికి గుదియ పట్టుకొచ్చింది మా పెద్దనాయనే.

ఆయన తల్లి, మా నాయనమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, మోతిని కొట్టంలోకి తోలి గడపలో పీట వేసుకుని కూర్చుంది. అంతకుముందు ఏడాది నాడాలు కొట్టించిన పది రోజులకు మా ఎర్రెద్దు ఇట్లాగే బిగుసుకుపోతే, వాయువని చెప్పి కాల్చిన కడ్డీతో వాతలు పెట్టించారు. వద్దని ఆమె మొత్తుకున్నా ఎవరూ వినలేదు. అంతా అయి ఎద్దు చచ్చిపోయాక వచ్చిన పశువుల డాక్టరు గిట్టలోని పుండు చూపించి ధనుర్వాతం అన్నాడు. ఆ కోపం ఆమెలో చల్లారలేదు, ఇది రాస్తుంటే నాలోనూ చల్లారలేదు.

అవ్వ దూరం నుంచే కట్టెతో నీళ్ల చిప్ప లోపలికి జరిపింది. మోతి ఆశగా మూతి ముంచింది, దౌడలు విడలేదు. ముందరి కాలి కింద మేకు గుచ్చుకున్న పుండు చీము పట్టి ఉంది.

"జరుగమ్మా, కరుస్తది," అన్నాడు పెద్దనాయన.

"పిచ్చి లేస్తే దౌడ జారి ఏలాడుతది. దీనిది పట్టుకపోయింది. నోరే తెర్వరానిది నిన్నెట్ల కరుస్తదిరా? నేను జరుగ. పోయి డాక్టర్ను పిల్సుకరా."

ఆయన గుదియ గోడకు ఆనించి, సైకిలు తీశాడు.

ధనుర్వాతమేనన్నాడు డాక్టరు. పుండు కడిగి సూదులు వేసి, చీకట్లో, చప్పుడు లేని చోట ఉంచమన్నాడు. మూడు వారాలు మా ఇంట్లో రోకలి పోటు లేదు, గిన్నె చప్పుడు లేదు. గొంతు పెద్దదైన పెద్దనాయన చేత కూడా అవ్వ గుసగుసలాడించింది. డాక్టరు చూపించినట్టు పల్చటి అంబలి చుక్క చుక్కగా పోసేవాళ్లం. ఒక సాయంత్రం మోతి నోరంతా తెరిచి ఆవులించింది. అవ్వ ఏడ్చింది. మోతి కాలికి గుచ్చుకున్న మేకు ఏ నాడాదో, ఆ నాడానే నా సొరుగులో ఉంది.

ఇప్పుడు ఏరువాకకు ట్రాక్టర్లకు పసుపు బొట్లు పెడుతున్నారు. నాడాలు కొట్టేవాళ్లు లేరు, గిట్ట ముక్కలకు కాచుకునే కుక్కలు లేవు, అవ్వ లేదు. గుదియలు మాత్రం ఉన్నాయి. మొన్న మా వీధిలో బిగుసుకుపోయి చొంగ కారుస్తున్న కుక్క చుట్టూ జనం మూగితే, పశువుల దవాఖానకు ఫోన్ చేసి మధ్యలో నిలబడ్డాను. "పిచ్చిది మేడం, జరుగుండ్రి," అన్నారు.

డాక్టరు వచ్చేదాకా నేను జరగలేదు.