అమ్మ పుట్టిన ఊరు చూద్దామని గోపాల్‌పేటలో దిగితే

అమ్మమ్మ పోయి నెల దాటింది. పాలమూరు పల్లెల్లో సర్కారు నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక నాగర్‌కర్నూల్‌లో స్థిరపడిన మనిషి ఆమె. సెలవులకు వెళ్తే ముందు మా గోళ్లు కత్తిరించి, తర్వాతే అన్నం పెట్టేది. ఎవరైనా పురుడని పిలిస్తే వెతుక్కోకుండా చెప్పులు వాకిలి వైపు తిప్పి పెట్టి పడుకునేది. ఉద్యోగం అయిపోయినా ఆ అలవాటు పోలేదు. ఆమె సమాధి మీద పూలు పెట్టి వద్దామని గద్వాల నుంచి బయలుదేరుతుంటే అమ్మ, "దారిల గోపాల్‌పేటల దిగుదం. నేను పుట్టిన ఊరు, ఒక్కపారన్న చూడలే" అంది. అమ్మమ్మ మమ్మల్ని ఎన్నడూ అక్కడికి తీసుకుపోలేదు. ఎందుకని మేమూ అడగలేదు.

పొద్దున ఏడింటికి గద్వాల బస్టాండులో వనపర్తి బస్సు ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు. ఎర్రవల్లి చౌరస్తా దాటాక బీచుపల్లి వంతెన మీద కృష్ణ నిండుగా కనిపిస్తుంది, కిటికీ సీటు దొరికితే వదలొద్దు. పెబ్బేరు మీదుగా వనపర్తి చేరి, బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, గోపాల్‌పేట బస్సు పట్టుకున్నాం.

దిగగానే ఒక ఆటో డ్రైవర్‌ను, పాత నర్సమ్మల క్వార్టర్లు ఎక్కడని అడిగాను.

"గవి యాడివక్కా, ఎప్పుడో కూలగొట్టిన్రు. అప్పట్ల ఆయా పని జేసిన బాలకిష్టమ్మ ఉంది. ఆమెకన్నీ ఎరికే. కూసోన్రి" అని మనిషికి ఇరవై తీసుకుని ఒక ఇంటి ముందు దించాడు.

బాలకిష్టమ్మ అరుగు మీద పల్లికాయలు వలుస్తోంది. "సుగుణ సిస్టరమ్మ బిడ్డను" అని అమ్మ చెప్పగానే చేట పక్కన పెట్టి, అమ్మ గదుమ పట్టుకుని చాలాసేపు చూసింది.

"అచ్చం ఈరమ్మే. గవే కండ్లు."

"ఈరమ్మ ఎవరు?" నేను అడిగాను.

"మీ అమ్మను కన్నది. ఎరికయ్యే వచ్చిన్రనుకున్న!"

అమ్మ నవ్వబోయింది. "నువ్వు ఎవరినో అనుకుంటున్నవు పెద్దమ్మా. నేను సుగుణమ్మ కడుపుల పుట్టిన."

"నిన్ను సాదింది బిడ్డా. సిస్టరమ్మకు అసలు లగ్గమే కాలే గద."

అమ్మ పుట్టకముందే తాతయ్య జ్వరంతో పోయాడని పుట్టినప్పటి నుంచి వింటున్నాం.

బాలకిష్టమ్మకు చెప్పక తప్పలేదు. ఈరమ్మ కూలి మనిషి. మొగుడు దూరం దేశం మట్టి పనికి పోయి ఉన్నాడు. నొప్పులొచ్చాయంటే అమ్మమ్మే గుడిసెకు వెళ్లింది. బిడ్డ ఎదురుకాళ్లతో వచ్చింది, తల్లికి రక్తం ఆగలేదు. ఎడ్లబండిలో వనపర్తికి తీసుకుపోతుంటే దారిలోనే, అమ్మమ్మ ఒళ్లో తల పెట్టుకుని, ఈరమ్మ పోయింది. మొగుడు తిరిగొచ్చాక, "నాతోని ఏమైతది సిస్టరమ్మా, నువ్వే సాదుకో" అని కాళ్లు మొక్కి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

"ఎనక ఒక సంబంధం కుదిరింది. బిడ్డను ఇడిసిపెట్టమన్నరు వాళ్లు. సిస్టరమ్మ ఆ లగ్గాన్నే ఇడిసిపెట్టింది."

"మరి నాకెందుకు చెప్పలే?" అంది అమ్మ.

"నేనూ అడిగిన. చెప్తే నన్ను ఇడిసి పోతదేమో బాలకిష్టమ్మా, అన్నది. నెత్తురు జూసి ఎన్నడు బెదరని మనిషి, గా మాట జెప్పుకుంట వణికింది."

బాలకిష్టమ్మ ఇచ్చిన నీళ్లు అమ్మ తాగలేదు. లేచి రోడ్డు మీదికి నడిచింది. నాగర్‌కర్నూల్ బస్సులో నేను చెయ్యి పట్టుకోబోతే తీసేసింది. సగం దారిలో ఉన్నట్టుండి, "యాభై ఏండ్లు దాటినయి నాకు. గిన్నేండ్లు ఎట్ల దాచింది?" అని గట్టిగా అంది. ముందు సీట్లవాళ్లు తిరిగి చూశారు.

సమాధి దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మట్టి ఇంకా కుదురుకోలేదు. అమ్మ పూలు చేతిలోనే పట్టుకుని నిలబడింది. వెనక్కి తిరిగి వెళ్లిపోతుందేమో అనుకున్నాను. వెళ్లలేదు. అలాగే కూలబడి, అరచేత్తో మట్టిని కొడుతూ ఏడ్చింది.

"నిన్నిడిసి నేను యాడికి వోదునే అమ్మా? యాడికి వోదును?"

ఇంటికొచ్చి ఇది రాస్తున్నా నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. అబద్ధం చెప్పొద్దని మా చెవులు మెలిపెట్టిన మనిషి, లేని భర్తకు వితంతువుగా జీవితమంతా బతికింది. ఊరందరి పురుళ్లూ పోసి, తన కడుపున ఒక్కరినీ కనలేదు. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చూస్తాను, రాదు. ఈరమ్మను పాతిపెట్టిన చేను తనకు తెలుసని మేం వచ్చేటప్పుడు బాలకిష్టమ్మ చెప్పింది. అక్కడికి పోదామని అమ్మే అడిగింది.

ఈ దారిలో పోయేవాళ్లకు ఒక్క మాట. పొద్దున్నే మొదటి బస్సుకు బయలుదేరండి, అక్కడి మనుషుల దగ్గర కూర్చోవడానికి పూట మిగలాలి. వీలైతే మీ పెద్దవాళ్లు బతికుండగానే, వాళ్లను వెంటబెట్టుకుని పోండి. మాకు దారిపొడుగునా అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి, జవాబు చెప్పే మనిషే పక్క సీట్లో లేదు.