శేషమ్మను నేను పిలిచిన తీరు

ఇన్నేళ్లుగా ఒక పేరు నా గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. ఇవాళ మీ ముందు కక్కేస్తున్నాను. నన్ను క్షమించే పని మాత్రం పెట్టుకోకండి. జాలి చూపించేవాళ్లంటే నాకు ఒళ్లుమంట.

ఏలూరులో ఒక కోర్టులో నేను బంట్రోతుని. దావా వంతు వచ్చినప్పుడు గుమ్మంలో నిలబడి కక్షిదారు పేరు మూడుసార్లు కేకేయడం నా పని. పలికితే లోపలికి రావచ్చు. పలక్కపోతే దావా కొట్టేస్తారు. ఖాళీ దొరికితే వరండాలో కోతలు కోసేవాణ్ణి. కొల్లేట్లో నేను పట్టిన కొర్రమీను పడవనే ఈడ్చుకుపోయిందని ఒకనాడు చెబుతుంటే, అక్కడ కూర్చున్న శేషమ్మ అందుకుంది.

"ఏవండీ బంట్రోతుగారూ, ఆ చేప నోరు పెద్దదా, మీ నోరు పెద్దదా అండీ?"

వరండా అంతా గొల్లుమంది, ప్లీడర్లతో సహా. నేనూ నవ్వాను. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయాను.

శేషమ్మది కొల్లేటి లంక. మొగుడు పోయాక చేపల చెరువులో అతని వాటాను మరిది కలిపేసుకున్నాడు. దావా ఆ వాటా కోసమే. అది పోతే అదే చెరువు మీద ఆమె కూలికి పోవాలి. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

తర్వాతి వాయిదాకి ఆమె ప్లీడరు ఇంకో కోర్టులో ఉన్నాడు. ఆమె వరండా చివర కుళాయి దగ్గర దోసిలి పట్టి నీళ్లు తాగుతోంది. చూశాను. చూసి, మొహం లోపలికి తిప్పుకుని, గోడకి చెబుతున్నట్టు మూడుసార్లు పేరు గొణిగాను. మూడూ పిలిచినట్టే కదా? అలా నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో! దావా కొట్టేశారు.

ఆమె మూతి తుడుచుకుంటూ వచ్చింది. "నన్ను పిలిచారా అండీ?"

"కొల్లేరు దాకా వినపడేలా పిలిచానమ్మా. నోరొక్కటే ఉంటే చాలదు, చెవులు కూడా ఉండాలి."

దావా మళ్లీ తెరవమని అర్జీ పెట్టుకుంది. తను వరండాలోనే ఉన్నానంది. జడ్జిగారు నన్నడిగారు. ఒక్క మాటతో అంతా సరిదిద్దగలిగిన చోటు అది. గట్టిగానే పిలిచానండి, మనిషి లేదండి, అన్నాను. అర్జీ పోయింది.

కొన్నేళ్లకు తాడేపల్లిగూడెంలో జడ్జీలకీ, మాలాంటి సిబ్బందికీ కలిపి శిక్షణ తరగతి పెట్టారు. పేదవాళ్లు కోర్టు గుమ్మం దాకా వచ్చి కూడా ఎందుకు లోపలికి రాలేకపోతున్నారో చెబుతున్నారు. పిలుపు వరండా చివరిదాకా వినపడాలట. పలక్కపోతే వెళ్లి వెతకాలట. ఆ పాఠం చెప్పే కుర్ర జడ్జిగారి మీద ఎక్కడలేని కోపం వచ్చింది. నాకు తెలియదనా? ఇంతలో ఆయన, మంచి గొంతున్నవారట, ఎలా పిలవాలో చూపించండని నన్నే లేపారు. ఏ పేరైనా సరే అన్నారు.

నోట్లోంచి ఆ పేరే వచ్చింది. మూడుసార్లు. కిటికీ అద్దాలు అదిరాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడామె మరిది చెరువు దగ్గర చేపలు ఐసుపెట్టెల్లో సర్దే కూలికి పోతోందని విన్నాను. వెళ్లి చెప్పే ధైర్యం నాకు లేదు. వరండాలో చెబితే ఇదీ నా కోతల్లో ఒకటనుకుని నవ్వుతారు.

ఆమె అక్కడే ఉంది. నేను పిలవలేదు.

రాసేశాను. ముల్లు కొంచెం కదిలింది.