మడుగులో ఆమెన్

మా కోడలు వంటింట్లో వెనిగర్ సీసా మూత తీసినప్పుడల్లా ముందుగదిలో కూర్చున్న నాకు బందరులో మా నాన్న స్నేహితుడి ఫొటో స్టూడియో గుర్తుకొస్తుంది. ఆ స్టూడియో వెనక, కిటికీలన్నీ నల్లగుడ్డతో మూసేసిన చిన్న గది ఉండేది. అందులో ఒక ఎర్రబల్బు, మూడు పింగాణీ పళ్ళాలు, ఆ పళ్ళాల్లోంచి ముక్కు అదిరేలా ఇదే పుల్లటి ఘాటు. ఆ గదిలోకి నేను వెళ్ళింది ఒక్కసారే, అదీ తొమ్మిదేళ్ళ వయసులో, ఒక పరజ బతుకుతుందో లేదో తేల్చుకోవడానికి. నవ్వకండి, ఉన్నమాటే చెబుతున్నాను.

అడవి బాతుని మా దివిసీమలో పరజ అనేవాళ్ళు. అవనిగడ్డ దాటి నాగాయలంక వైపు వెళ్తే కాలవ చివర మా ఊరు, ఊరి చివర మా పెంకుటిల్లు, ఇంటి తర్వాత వరిచేలు, చేల తర్వాత మడుగు. వానాకాలం ఎగువ నుంచి వచ్చిన నీళ్ళన్నీ అక్కడ చేరి, ఇక ఎటు పోవాలో తెలియనట్టు కోతలై మాసూళ్ళయ్యేదాకా నిలబడిపోయేవి. జమ్ము నిలువెత్తు పెరిగేది, కలువలు విచ్చేవి, గట్టువార మోకాలి లోతు నీళ్ళలో బురదా నాచూ కలిసి ఒక చల్లటి వాసన వేసేది. చలి మొదలయ్యేసరికి ఆ వాసనలో కుప్ప వేసిన వరిగడ్డి వాసన, కుంపట్లో కాలే తేగల వాసన, అరిసెల కోసం మా అమ్మ పట్టే బెల్లంపాకం వాసన వచ్చి కలిసేవి. బడి వదలగానే పుస్తకాల సంచీ అరుగు మీదికి విసిరేసి, గచ్చకాయలాటకి పిలిచే పిల్లల్ని కూడా వదిలేసి, నేను మడుగు గట్టున వాలిపోయేదాన్ని.

మా అమ్మ తమ్ముడు దానియేలు మావయ్యది ఎదురిల్లు. బండలాంటి మనిషి, వెన్నలాంటి మనసు, లైసెన్సున్న తుపాకీ. ఆదివారం మా గుడిలో పాస్టరుగారు ప్రార్థన ముగించగానే మావయ్య అనే ‘ఆమెన్’కి వెనక బెంచీలో కునుకు తీసే ముసలాళ్ళు ఉలిక్కిపడి లేచి కూర్చునేవారు. క్రిస్మస్ పూట పరజ ఇగురు లేకపోతే అది పండగే కాదన్నది ఆయన మతం. ఆ ఇగురు నేనూ లొట్టలేసుకుంటూ తిన్నదాన్నే కాబట్టి ఇప్పుడు పెద్ద కబుర్లు చెప్పను.

ఆ ఏడు పండగ ఇంకా మూడు వారాలుందనగా, సాయంత్రం అందరం కుంపటి చుట్టూ కూర్చుని తేగలు తింటున్నాం. నా నోటికి తాళం ఎప్పుడూ లేదు. జమ్ములో పరజ పిల్లలు చేసిందనీ, ఏడున్నాయనీ, తల్లి ముక్కు చివర పసుపులో ముంచి తీసినట్టుందనీ, ముక్కు మొదట్లో రెండు ఎర్రబొట్లు కూడా ఉన్నాయనీ చెప్పేశాను. మావయ్య తేగ ఒలుస్తూ, “ఎక్కడే అమ్మడూ?” అన్నాడు. పెద్దవాళ్ళకి తెలియనిది నాకు తెలిసిందన్న గొప్ప ఒకటి కదా, వంగిన తుమ్మచెట్టు పక్కనుంచి లోపలికి దారి కూడా చెప్పాను.

“మరింకేం, పండక్కి అదే,” అన్నాడు మావయ్య.

తల్లిని నేనే చేతులారా పట్టిచ్చానని అప్పుడు అర్థమై ఘొల్లుమన్నాను. నాయనమ్మ “పిల్లల తల్లిని కొట్టకూడదురా దానియేలూ” అంటే, “పరజకి తల్లేంటి, పిన్నేంటి అత్తా” అని నవ్వేశాడు.

మా నాన్న ఊళ్ళో బడిపంతులు. సైన్సు పుస్తకంలో ఎక్కడెక్కడి దేశాల పక్షులో ఉన్నాయి కానీ మన మడుగు పక్షి ఒక్కటీ లేదని ఆయనకి ఎప్పటినుంచో గుర్రు. బందరు స్టూడియో స్నేహితుణ్ణి అడిగితే కెమెరా ఇస్తాడు కూడా. నా ఏడుపు చూసి అప్పటికప్పుడు బేరం పెట్టాడు.

“ఏవయ్యా, నువ్వు తుపాకీ ఎత్తేలోపు నేను ఫొటో తీస్తాను. ఫొటో పడిందా, ఆ మడుగు జోలికి నువ్వు రాకూడదు.”

“పడకపోతే?”

“పడకపోతే పండగనాడు నీ పరజ ఈకలు నేనే కూర్చుని పీకుతాను.”

“సరే. కానీ నేనూ వస్తాను బావా. పెంపుడు బాతుని తీసుకొచ్చి పరజంటావు, నువ్వు అసలే పంతులివి.”

స్నేహితుడు ఇచ్చినది డబ్బా కెమెరా. అందులో ఎవరిదో బాప్తిస్మం ఫొటోలు ఏడు పోగా మిగిలింది ఒక్కటే. పది అడుగుల దగ్గరికి రాకపోతే బాతు నువ్వుగింజంత పడుతుందని ఆయన ముందే చెప్పి పంపాడు. పైగా ఆ కెమెరాలోకి పైనుంచి వంగి చూడాలి, చూస్తే కుడి ఎడమవుతుంది. నాన్న మీట నొక్కకుండా మా ఇంటి కోడిపెట్ట మీద మూడు రోజులు సాధన చేశాడు. కోడి ఇటు పోతే ఆయన అటు తిరిగేవాడు. పెరటి గోడమీంచి ఊరి పిల్లలంతా చూసి పడీపడీ నవ్వేవారు.

శనివారం తెల్లవారుతూ ఉండగా బయల్దేరాం. నాన్నకి గడ వెయ్యడం రాదు కాబట్టి పడవ నడపాల్సింది కూడా మావయ్యే. గెలవనివ్వకూడదనే వచ్చిన మనిషే, కానీ పని పాడుచెయ్యడం ఆయనకి చేతకాదు. పడవ చుట్టూ జమ్ము కట్టాడు, గాలి ఎటు వీస్తుందో తడిపిన వేలెత్తి చూశాడు, గడ దింపితే బొట్టు శబ్దం లేదు. మంచులో కలువాకుల మీద నీటికోళ్ళు నడుస్తున్నాయి. జమ్ము తెరిపిచ్చిన చోట పరజలు తలకిందులై తోకలు ఆకాశానికెత్తి బురదలో మేత వెతుక్కుంటున్నాయి. వాటిలో మా బొట్ల తల్లి, దాని వెనక ఏడు పిల్లలు. అంత సంతోషం నా ఒంట్లో పట్టక, అరవకుండా ఉండటానికి గౌను అంచు నోట్లో కుక్కుకున్నాను.

ఇంకా ముప్ఫై అడుగులుందనగా మావయ్య గడ ఆపేశాడు. నాన్న చెవిలో, “బావా, ప్రార్థన చేసుకోకుండా వచ్చేశాం,” అన్నాడు.

మా ఇళ్ళల్లో ప్రార్థన లేకుండా ఏ పనీ మొదలయ్యేది కాదు. విత్తనం చల్లాలన్నా, గేదెను కొనాలన్నా, ఆవకాయ కలపాలన్నా, అవనిగడ్డ బస్సెక్కాలన్నా ముందు తల వంచాల్సిందే. ఆ రోజు నాయనమ్మ నిద్ర లేవకముందే వచ్చేశాం. మావయ్య మొహంలో వెటకారం ఏమీ లేదు, నిజంగానే కంగారు పడుతున్నాడు. నాన్న కెమెరా గుండెకి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు, మేమూ మూసుకున్నాం. “ప్రభువా, ఈ ఒక్క ఫొటో పడనియ్యి. ఆ తల్లినీ పిల్లల్నీ కాపాడు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ,” అని గాలికన్నా మెల్లగా అన్నాడు.

“ఆమెన్!” అన్నాడు మావయ్య, గుడిలో అన్నట్టే.

మడుగు మడుగంతా పైకి లేచింది. రెక్కల చప్పుడుకి చెవులు గింగురుమన్నాయి, మొహాల మీద నీళ్ళు చిమ్మాయి. మావయ్య రెండు చేతులతో నోరు మూసుకున్నాడు, కానీ ఇంక మూసుకుని ఏం లాభం! నేను ఏడవడానికి సిద్ధమయ్యాను. అంతలో నీళ్ళ మీద ఒకే ఒక్క పరజ మిగిలి కనిపించింది. బొట్ల తల్లి. ఒక రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ, నీళ్ళని టపటపా కొడుతూ, తిన్నగా మా పడవ వైపే వస్తోంది.

“రెక్క విరిగింది బావా! పట్టు, పట్టు!” అని మావయ్యలోని వేటగాడు నిద్రలేచి చెయ్యి చాచాడు. నాన్న వంగి మీట నొక్కాడు. పడవ ఒరిగింది, మావయ్య దబ్బున బురదలో పడ్డాడు. పడ్డా వదల్లేదు, నడుంలోతు నీళ్ళలో దాని వెంట పడ్డాడు. అదిగో దొరికె, ఇదిగో దొరికె అన్నట్టు అది ఆయన్ని జమ్ముకి దూరంగా మడుగు అవతలి దాకా లాక్కెళ్ళి, అక్కడ రెండు రెక్కలూ శుభ్రంగా విప్పి ఎగిరిపోయింది. నెత్తిన నాచుతో మావయ్య నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. నేనూ నాన్నా పడవలో దొర్లి దొర్లి నవ్వాం.

నవ్వు ఇంటికి చేరేదాకానే. ఉన్న ఒక్క ఫొటో అయిపోయింది, అందులో ఏం పడిందో నాన్నకే తెలీదు. వారం రోజులు నాకు అన్నం సహించలేదు. మావయ్య అరుగు మీద కూర్చుని తుపాకీకి నూనె రాస్తుంటే అటు చూడలేకపోయేదాన్ని.

మళ్ళీ శనివారం ముగ్గురం బందరు వెళ్ళాం. ఆ ఎర్రబల్బు గదిలో, స్టూడియో ఆయన పళ్ళెంలో కదుపుతున్న తెల్ల కాగితం మీద ముందు ఒక మసక వచ్చింది, తర్వాత ఒక ముక్కు, ముక్కు చివర తెల్లటి మచ్చ. పరజే! నీళ్ళ మీద పరిచిన రెక్క కాస్త అలుక్కుపోయింది కానీ కన్ను కూడా తెలుస్తోంది. ఈ మూల మావయ్య చాచిన చెయ్యి, అయిదు వేళ్ళూ ఉన్నాయి. వెనక జమ్ము మొదట్లో వరసగా చుక్కలు. ఏడు.

కాగితం ఆరేసి వెలుతురులోకి తెచ్చాక మావయ్య దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

“ఈ చెయ్యి నాదేనా?”

“నీదే.”

“వెనకవి పిల్లలా?” అని కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. “దానికి రెక్కా విరగలేదు, ఏమీ లేదు. పిల్లలటు పోతుంటే నన్ను ఇటు తిప్పుకుంది. నా చేతికి అంత దగ్గరగా వచ్చింది చూడు బావా!” తర్వాత వీధి దాటి వెళ్ళి నాకు బందరు హల్వా పొట్లం కట్టించి తెచ్చాడు.

ఆ పండక్కి మా ఇంట్లో కోడికూర. ఆ పండక్కే కాదు, మావయ్య మళ్ళీ ఎప్పుడూ ఆ మడుగులో తుపాకీ ఎత్తలేదు. ఫొటోని నాన్న బడి గోడకి తగిలిస్తే, ఆ చెయ్యి ఎవరిదని అడిగిన ప్రతి పిల్లాడికీ మావయ్యే వెళ్ళి కథ చెప్పేవాడు. చివర్లో ఒక మాట తప్పకుండా అనేవాడు: “నేను ఆమెన్ అనబట్టి కదరా అది పది అడుగుల్లోకి వచ్చింది!”

బడీ గోడా ఫొటో ఉప్పెనలో పోయాయి. నాన్నా మావయ్యా కూడా వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. మడుగుని పలకలు పలకలుగా కోసి రొయ్యల చెరువులు చేశారు. పోయిన చలికాలం అటు వెళ్తే జమ్ము లేదు, కలువలు లేవు, ఎక్కడ చూసినా మోటార్ల రొద, మేత బస్తాలు. గట్టు మీద ఒక కాపలా మనిషి పక్షుల్ని బెదరగొట్టడానికి టపాకాయలు వెలిగించి నీళ్ళ మీదికి విసురుతున్నాడు. నేను అలా నిలబడి ఉండటం చూసి, “ఎవరి కోసమండీ?” అన్నాడు.

“పరజలేమన్నా వస్తాయా బాబూ ఇక్కడికి?”

అతను కాస్త ఇబ్బందిగా మురుగుకాలవ వైపు చూశాడు. అక్కడ నాలుగు మంచాలంత మేర జమ్ము మిగిలి ఉంది. “ఆ మూలకి మాత్రం వెయ్యనండి,” అన్నాడు గొంతు తగ్గించి. “పిల్లలున్నాయి. మా ఓనరుగారితో అనకండే!”

ఎన్నున్నాయని అడిగితే లెక్కపెట్టలేదన్నాడు. నేను చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఆ గట్టు మీద కూర్చుని పొద్దెక్కేదాకా లెక్కపెట్టాను. తొమ్మిది.