అద్దంలో మిరప చేను

పగలు కాలేజీలో కామర్సు పాఠాలు చెబుతాను, సాయంత్రాలు బొమ్మలు వేసుకుంటాను. కొన్నేళ్ళ కిందట గుంటూరులో ఒక హాలు మాట్లాడుకుని నా బొమ్మలన్నీ గోడలకు పెట్టాను. వచ్చినవాళ్ళంతా నాకు తెలిసినవాళ్ళే. బాగున్నాయన్నారు, టీ తాగారు, కబుర్లు చెప్పుకుని వెళ్ళిపోయారు. నాతో పనిలేని మనిషి ఒకడు నా బొమ్మ చూస్తే ఏం చేస్తాడో తెలుసుకోవాలని నాకు ఉండేది. ఆ హాల్లో అది తెలియలేదు.

నల్లపాడులో నేను క్షవరానికి వెళ్ళే సెలూను ఒకటుంది. గెడ్డానికి నురుగు పట్టించుకుని కుర్చీలో కూర్చున్న ఒక ఉదయం నాకు తట్టింది. ఇక్కడ కూర్చున్నవాడు కదలడానికి వీల్లేదు. ఎదురుగా అద్దం, అద్దంలో వెనక గోడ, ఆ గోడ మీద వెలిసిపోయిన సినిమా పోస్టర్లు. పోస్టర్లు తీసి నా బొమ్మలు పెట్టుకుంటారా అని సెలూను ఆయన్ను అడిగాను. ఆయన కత్తి తుడుచుకుంటూ, గోడ ఎటూ సున్నం కొట్టించాలనుకుంటున్నానని, ఆ తర్వాత పెట్టుకోమని అన్నాడు.

ఆదివారాలు అక్కడ బెంచీ మీద పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ణి. చదివింది తక్కువ. ఎవరి కళ్ళు ఎటు పోతున్నాయో చూడటమే పని. కొందరు తమ మీసం తప్ప మరేదీ చూడరు. ఒకాయన మంగళగిరి కొండ బొమ్మ చూసి, పానకం తాగి ఎన్నాళ్ళయిందోనని పక్కాయనతో మాట మొదలుపెట్టాడు. ఒక కుర్రాడు ఫోటో తీసుకున్నాడు గానీ, బొమ్మకు కాదు, బొమ్మ ముందు తనకు.

అలా ఉండగా ఒక ఆదివారం ఒక రైతు వచ్చాడు. అరవై దాటిన మనిషి, తల మీద తువ్వాలు. గెడ్డం సగం గీసి ఉండగా చెయ్యెత్తి సెలూను ఆయన్ను ఆపాడు. అద్దంలోకి చూశాడు, మెడ తిప్పి వెనక గోడ చూశాడు, మళ్ళీ అద్దంలోకి చూశాడు.

"ఈ అద్దంలో ఉంది మా చేనయ్యా. గోడ మీదున్నది మాత్రం కాదు," అన్నాడు.

ఆ బొమ్మ వేసిన మాస్టారు ఈయనేనని సెలూను ఆయన నన్ను చూపించాడు. అది నేను నల్లపాడు దాటాక, రోడ్డు పక్కన నిలబడి గీసిన మిరప చేను. ఎడమవైపు మోటారు షెడ్డు, కుడివైపు తుమ్మ చెట్టు, మధ్యలో పండిన మిరప, వంగి కాయ కోస్తున్న ఒక ఆడమనిషి. అద్దంలో చెట్టు ఎడమకు, షెడ్డు కుడికి మారాయి. వాళ్ళింటి ముందు నిలబడితే తనకు కనబడేది అచ్చంగా ఇదేనని ఆయన అన్నాడు.

"తలుపొక్కటే తేడా మాస్టారూ. మా వైపుకి ఆ షెడ్డుకి తలుపు లేదు."

ఆ తలుపు సంగతి నన్ను నిలవనీయలేదు. మీ ఇల్లు చూడొచ్చా అని అడిగాను. గెడ్డం పూర్తయ్యాక నా బండి వెనక ఎక్కి దారి చెప్పాడు. నేను బొమ్మ గీసిన చోటికి కాక, చుట్టు తిరిగి కాలువ అవతలికి తీసుకెళ్ళాడు. ఇంటి ముందు నిలబడి చూద్దును కదా, అదే తుమ్మ చెట్టు, అదే షెడ్డు, కాకపోతే షెడ్డు వీపు. నేను రోడ్డు మీంచి చూసిన చేనే ఆయన రోజూ ఇటునుంచి చూస్తున్నాడు. రోడ్డుకీ చేనుకీ మధ్య కాలువ అడ్డం, పనంతా ఇటువైపు నుంచే కాబట్టి, రోడ్డు మీద నిలబడి తన చేను ఎలా ఉంటుందో చూసుకునే అవసరం ఆయనకెప్పుడూ రాలేదట. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆయన భార్య మంచినీళ్ళు ఇచ్చి, విషయమేమిటని అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె, "మరి నేనెట్టా చూసేది? అది మగాళ్ళ షాపు గదా," అంది.

అందరూ చూసే చోటు దొరికిందని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. ఊళ్ళో సగంమంది ఆ గడప తొక్కరన్న సంగతి నా బుర్రకే రాలేదు. బొమ్మను ఇంటికి తెస్తానన్నాను. ఆమె వద్దంది. ఈయన చూసినట్టే అద్దంలోనే చూడాలంది.

సెలూనుకు మంగళవారం సెలవు. సెలూను ఆయన్ను అడిగితే, తన భార్యను కూడా తీసుకొస్తానని ఒప్పుకున్నాడు. ఆ మంగళవారం మధ్యాహ్నం రైతు భార్య ఒక్కతే రాలేదు. తనతో కలిసి ఎండుమిర్చిలో తాలుకాయలు ఏరే పనికి వెళ్ళే ఆడవాళ్ళను ఆటో నిండా తీసుకొచ్చింది. మొదట అందరూ గుమ్మంలోనే ఆగిపోయారు. సెలూను ఆయన భార్య కుర్చీలు దులిపి రమ్మంది. ఒకామె కూర్చోగానే కుర్చీ గిర్రున తిరిగింది, ఆ నవ్వులతో బెరుకు పోయింది.

రైతు భార్య కూర్చుని అద్దంలోకి చాలాసేపు చూసింది.

"ఆ వంగున్నది ఎవరండీ?" అని అడిగింది.

ఎవరో తెలియదని, దూరంనుంచి చూసి వేశానని చెప్పాను.

"నేనే అయ్యుంటాను. ఆ గట్టు వారకి నేనే ఉంటాను ఎప్పుడూ," అంది. అద్దం వైపే చూస్తూ, "నా నడుం ఇంత వంగుద్దా?" అని పక్కామెను అడిగింది. ఇంకా ఎక్కువే వంగుతుందని పక్కామె చెప్పింది. ఆమె నవ్వలేదు, బాధపడినట్టూ లేదు. లేచి వెళ్ళి గోడ మీది బొమ్మను దగ్గరగా చూసింది. ఎరుపు రంగు చుక్కను వేలితో తాకబోయి ఆగింది. తాకమన్నాను. తాకింది.

బయటికి వచ్చాక, మీకోసం బొమ్మలు ఎక్కడ పెడితే బాగుంటుందని అందరినీ అడిగాను. ఆటో ఎక్కుతూ వాళ్ళలో పెద్దామె చెప్పింది.

"ఇందులోనే పెట్టండి మాస్టారూ. రోజూ పోతా వస్తా కూచునేది దీంట్లోనేగా. చేను మాత్రం వద్దు, దాన్ని చూస్తానే ఉంటాం. సముద్రం వెయ్యండి."

సూర్యలంక తీరానికి వెళ్ళి రెండు పూటలు కూర్చుని సముద్రం వేశాను. దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కాగితం అతికించి, డ్రైవరు సీటు వెనక, కూర్చున్నవాళ్ళ కళ్ళకు ఎదురుగా బిగించాం. డ్రైవరుకు ముందు ఇష్టం లేదు. ఇప్పుడు ఆయనే రోజూ తుడుస్తున్నాడు.

మొన్న రైల్వే గేటు దగ్గర ఆ ఆటో ఆగి ఉంది. నన్ను చూసి లోపలినుంచి పిలిచారు. పడవ ఒడ్డుకి వస్తోందా, లోపలికి పోతోందా అని పొద్దున్నుంచీ వాదన నడుస్తోందట. తేల్చమన్నారు. నేను వేసిన పడవే, అయినా ఆ ఆలోచనే నాకెప్పుడూ రాలేదు. మీకేమనిపిస్తోందని అడిగాను. అందరూ ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు. ఈలోగా గేటు లేచింది. నేను బండి తిప్పి ఆటో పక్కనే పోనిచ్చాను, చివరిదాకా వినాలని.