కొడుకు మెడలో పుస్తెలతాడు

నాలుగేళ్ల కిందటి ఆదివారం, సాయంత్రం సరిగ్గా నాలుగు గంటలు. నిన్న మా కోడలు కొత్త పుస్తెలతాడును పసుపులో తడుపుతుంటే, ఆ వాసనకు ఆనాటి నల్లగొండ గ్రౌండు మళ్లీ కళ్లముందుకొచ్చింది. తాడు మార్చే ఆ కాసేపు కూడా మెడ బోసిగా ఉండకూడదని పసుపుకొమ్ము కట్టుకుంటాం మేము. అంత భయం మాకు.

మా కోడలు ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్. ముసలితనంలో నా చేయి పట్టి అక్షరాలు దిద్దించిందీ ఆమే. బంతిని పట్టినంత మొండిగా పట్టింది. పెళ్లయ్యాక ఆట మానేసింది. రెండేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టి, ఆ ఆదివారం ఆలేరు జట్టు మీద ఆడటానికి వచ్చింది. ప్రాక్టీసులో తాడును బనీను లోపలికి దోపుకునేది, ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు రెఫరీగా వచ్చిన అమ్మాయి ఊరుకోలేదు. మెడలో ఏదైనా ఉంటే ఆడనివ్వను, ఎవరి వేలన్నా తగులుకుంటే గొంతు కోసుకుపోతుంది అంది.

వెంట వచ్చిన నా తోటికోడలు లేచింది. "మొగడు బతికుండంగ పుస్తెలు తీస్తదా? లాగు తొడిగింది చాలదా, మొగరాయని లెక్క!"

కోడలు గ్లౌజులు తీసి పక్కన పెట్టింది. "నేనాడను తియ్ అత్తమ్మా" అంటూనే నా ముఖం చూసింది. ఆమె తప్ప గోల్‌లో నిలబడేవాళ్లు లేరు.

"గది ఎవని పాణం కోసం కడ్తరే?" అన్నాను తోటికోడలితో.

"మొగని కోసమే."

"అయితే వాని కాడనే ఉండనీ. ఇటు రారా కొడుకా!"

నా కొడుకు మీసం మెలేసి తిరిగే మనిషి. పెళ్లిలో ఆమె వంచినట్టే తల వంచాడు. ఆమే తాడు తీసి వాడి మెడలో వేసింది. ఆలేరు మగవాళ్లు ఊరుకుంటారా? "అన్నా, అత్తగారింటికి ఎప్పుడు పోతవ్?"

"ఆట కానీయిండ్రి, సారె పెట్టి తోలుతరు!" అన్నాడు వీడు.

బంతి వచ్చినప్పుడల్లా ఆమె మట్టిలోకి దూకేది. వీడు పుస్తెలు గుప్పిట పట్టుకునేవాడు. "అచ్చం మొగోని లెక్క పట్టింది" అన్నారెవరో. "ఏ మొగోడు పట్టిండు గట్ల? ఆడిదే పట్టింది" అన్నాను. అయినా మావాళ్లు ఒక్క గోల్‌తో ఓడిపోయారు. కోడలు ఏడవలేదు, ఆకలైతాందంది.

మా ఆయన పోయినప్పుడు నా మెడలోది తెంపారు. నన్నెవరూ అడగలేదు. అప్పటికీ, కోడలు తనది తానే తీసిన ఆ ఆదివారానికీ నడుమ గడిచింది నా ఒక్క బతుకే. ఆ రోజు ఆట అయ్యాక గ్రౌండు గీత పక్కన ఉన్నది రెఫరీ అమ్మాయి, ఆలేరు వాళ్లు, మూతి ముడుచుకున్న తోటికోడలు, పుస్తెలతో నా కొడుకు, బోసి మెడలతో కోడలూ నేనూ.