వార్నెల్ గురి తప్పదు

అరవై గజాల దూరంలో కదలకుండా నిలబడ్డ దుప్పిని ఎల్వుడ్ క్రెస్గీ కొట్టలేకపోయాడు. పెన్సిల్వేనియా కొండల్లోని వాళ్ల వేట గుడిసెలో, గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి, పేరూ తేదీ రాసి గోడకి మేకుతో కొడతారు. నలభై ఏళ్లలో ఎల్వుడ్ గుడ్డ ఆ గోడ ఎక్కలేదు.

“వార్నెల్ తుపాకీ గురి తప్పదు. ఎవడో దీన్ని కెలికాడు,” అన్నాడు గుడిసెలోకి వస్తూనే.

తండ్రి వాడింది వార్నెలే, తను వాడుతున్నదీ వార్నెలే. ఇంకో కంపెనీ తుపాకీని అతను ముట్టుకోను కూడా ముట్టుకోడు. మరలన్నీ తడిమాడు, తూటాలు వాసన చూశాడు. చివరికి అతని చూపు బావమరిది మెర్ల్ మీద ఆగింది. వాడిది వేరే కంపెనీ తుపాకీ. పైగా పొద్దున అందరికంటే ముందు లేచి కాఫీ కాచింది వాడే. ఉన్నట్టుండి అంత మంచితనం దేనికి?

“మా అక్కనైనా వదిలేస్తావు గానీ ఆ తుపాకీని వదలవు. దాని జోలికి నేనెందుకొస్తా బావా?” అని నవ్వాడు మెర్ల్. “అంత అనుమానమైతే ఇలా ఇవ్వు, తేల్చేద్దాం.”

బయట చెట్టుకి కాగితం అంటించి, ఆ వార్నెల్‌తోనే మెర్ల్ మూడుసార్లు పేల్చాడు. మూడు తూటాలూ ఒక్క నాణెం కింద దాక్కునేంత దగ్గరగా దిగాయి.

“చూశారా! వార్నెల్‌కి వంక పెట్టేదేముంది!” ఎల్వుడ్ గంతేసినంత పని చేశాడు.

మెర్ల్ జేబులోంచి కత్తెర తీశాడు.

ఎల్వుడ్ మొహం మాడిపోయింది. చొక్కా అంచు తనే పైకి లాగి అందించాడు. కత్తిరించిన గుడ్డ మీద పేరూ తేదీ తనే రాసి, కింద ఇంకో మాట చేర్చాడు: “తప్పు తుపాకీది కాదు.”